ఏమీ లేదన్న స్కాను

నన్ను తాగుబోతు అన్నారు. ఆ మాట అన్నది దారినపోయే వాళ్ళయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. నాతో ఒకే గదిలో కూర్చుని, ఒకే కెటిల్లోంచి చాయ్ పంచుకున్న మాస్టర్లు అన్నారు. అప్పటికి నాకు నలభై ఏళ్ళు కూడా రాలేదు. జమ్మికుంట పక్కన ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే చెంపలు వేడెక్కుతాయి. జబ్బు వల్ల వచ్చే వేడికీ కోపం వల్ల వచ్చే వేడికీ తేడా నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

మాది ఆదిలాబాద్ జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు పక్క ఊరు. మా నాన్న, బాపుకు నల్లరేగడి చేను కొంచెం ఉండేది. మా ఊళ్ళో సగం మాటలు మరాఠీవే. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్ళు మూతపడ్డప్పుడు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. చదువు ఆగిపోయింది కదా అని ఆ ఏడు నా ఈడు పిల్లలకు చాలామందికి పెళ్ళిళ్ళు చేసి పంపేశారు. అవ్వ, మా అమ్మే, నాకూ ఒక సంబంధం తెచ్చింది. "బడి తెరిసేదాంక ఆగుదాం తియ్. పిల్ల ఏడికి పోతది?" అన్నాడు బాపు. ఆ మాట పుణ్యాన నేను బీఎస్సీ దాకా చదివాను, టీచర్నయ్యాను. జమ్మికుంట పత్తి మార్కెట్ యార్డులో కమీషను మీద పత్తి అమ్మిపెట్టే ఒక అడ్తిదారు దగ్గర గుమాస్తాగా ఉన్నాయనతో పెళ్ళయింది. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. బేళ్ళ తూకం దగ్గర కేకలు వేసి వేసి వచ్చి, ఇంట్లో గొంతు దాచుకునేవాడు.

తొంభైల మొదట్లో మొదలైంది నా బాధ. బోర్డు మీద లెక్క రాస్తూ ఉంటే ఉన్నట్టుండి రొమ్ము నుంచి మెడ మీదికి, మెడ నుంచి మొహం మీదికి ఆవిరి కొట్టినట్టు వేడి పాకేది. నేను తెల్లగా ఉండేదాన్ని. మొహం కుంకుమ పూసినట్టయ్యేది, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. కాసేపటికి మళ్ళీ మామూలే. దానితోపాటే కడుపు కదిలేది. రోజుకు ఎన్నిసార్లో చెప్పలేను. మా బడిలో ఆడ టీచర్లకు మరుగుదొడ్డి లేదు. మాస్టర్లకు గోడ చాటుంది. మాకు ఆ చాటు కూడా లేదు. గోడ అవతల బీడీలు చుట్టుకుని బతికే ఒక ముస్లిం ముసలామె ఉండేది. ఆమె ఇంటికి పరుగెత్తేదాన్ని. ఒకనాడు సిగ్గుతో గుమ్మంలోనే నిలబడిపోతే, "ఆజా బేటీ, ఫికర్ నక్కో కర్," అని, దిగులుపడొద్దని చెప్పి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. బడిలో నాకు దొరికిన దయ అంతా గోడ అవతలే దొరికింది.

క్లాసు మధ్యలో బయటికి పరుగెత్తే టీచరు, ఎర్రటి కళ్ళు, ఎర్రటి మొహం. ఇంకేం కావాలి? మొదట గుసగుసలు వచ్చాయి. తర్వాత నేను గదిలోకి పోతే మాటలు ఆగిపోవడం మొదలైంది. అప్పుడు జెండా పండుగ వచ్చింది. పై నుంచి ఒక అధికారి వచ్చాడు. నేను పిల్లలను వరుసగా నిలబెడుతున్నాను. అందరూ చూస్తుండగానే నా మొహం మీదికి ఆ వేడి పాకింది. అధికారి నన్ను కిందినుంచి మీది దాకా చూశాడు.

"ఏం హెడ్‌మాస్టరూ, మీ మేడం పొద్దుగాల్నే ఏసుకొచ్చినట్టుంది?"

హెడ్‌మాస్టర్ నవ్వాడు. మిగతావాళ్ళు ఆయన నవ్వు చూసి నవ్వారు. పిల్లలు జాతీయ గీతానికి నిలబడి ఉన్నారు. నేనూ నిలబడ్డాను. పాట అయ్యేదాకా కదలకూడదు కనుక కదల్లేదు.

మరునాడు హెడ్‌మాస్టర్ తన గదికి పిలిచాడు. ఇంకో ఇద్దరు మాస్టర్లు సాక్షుల్లా కూర్చున్నారు.

"మేడం, ఏమనుకోకుండ్రి. పైనుంచి అడుగుతుండ్రు. ఒక్కసారి జర ఊదుండ్రి."

"ఏంది సార్?"

"నోరు తెరిసి ఊదుండ్రి. అంతే. మీకే మంచిది."

ఊదాను. ఎందుకు ఊదానని ఇప్పటికీ నన్ను చాలామంది అడుగుతారు. ఉద్యోగం పోతుందని ఊదాను. ఆయన మొహం ముందుకు చాపి వాసన చూశాడు, సాక్షుల వైపు తిరిగాడు.

"వాసనైతే లేదు. గని వాసన రాని మందులు గూడ ఉంటయట గదా."

అంటే తాగలేదని రుజువు చేసుకునే దారి కూడా నాకు లేదు. వాసన వస్తే తాగినట్టు, రాకపోతే తెలివిగా తాగినట్టు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. కానీ పత్తి యార్డుకు చేరని మాట మా ఊళ్ళో లేదు. ఒక సాయంత్రం నేను అన్నం వడ్డిస్తుంటే మా ఆయన నీళ్ళ చెంబు అందుకునే వంకతో నా మొహం దగ్గరికి వంగాడు. ఊపిరి లోపలికి పీల్చాడు. ఆ పీల్పు నేను గుర్తుపట్టాను. హెడ్‌మాస్టర్ గదిలో విన్నదే.

"నువ్వు గూడనా?" అన్నాను.

ఆయన చెంబు కింద పెట్టాడు. తర్వాత, "యార్డుల అందరు అంటుండ్రు," అన్నాడు. మళ్ళీ ఆగి, "నాకు తెల్వదా నీ సంగతి? తప్పయింది. రేపు కరీంనగర్ పోదాం. ఇది రోగమే, ఏ రోగమో అడుగుదాం," అన్నాడు. అన్నం తినకుండానే లేచాడు. ఆ రాత్రి నేనూ తినలేదు. ఆయన మీద కోపం పోవడానికి చాలా రోజులు పట్టింది. కానీ ఆ మరునాటి నుంచి ఆయన నన్ను ఒక్క ఆసుపత్రికీ ఒంటరిగా పంపలేదు.

కరీంనగర్‌లో మేం తిరగని డాక్టరు లేడు. ఒకాయన కడుపులో అమీబా అని మందులిచ్చాడు. ఇంకొకాయన, "ఆడోళ్ళకు బయట చేరుడు బందయ్యే ముందు గిట్లనే వేడొస్తది," అన్నాడు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళని చెబితే, "కొందరికి జల్ది వస్తది," అన్నాడు. మూడో ఆయన నరాల బలహీనత అని రోజూ వేసుకోమని గోలీలు రాశాడు. వేడి గురించి చెబితే కడుపు గురించి వినేవాళ్ళు కాదు. కడుపు గురించి చెబితే వేడి మాట దాటేసేవాళ్ళు. రెండూ ఒకే మనిషికి, ఒకే గడియలో వస్తున్నాయని ఎంత చెప్పినా రెండు మందులు రాసి పంపేవాళ్ళు.

చివరికి బస్టాండు వెనక సందులో కొత్తగా క్లినిక్ పెట్టిన ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. చిన్నవయసు. అప్పుడు నిండు నెలల గర్భిణి. నేను ఆమె ముందు కుర్చీలో ఉండగానే వేడి వచ్చింది. నేను సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"తియ్యి టీచర్, నన్ను సూడనియ్యి," అంది. కొంగు తనే తీసి, మెడ మీద చెయ్యి వేసి చూసింది, నాడి చూసింది, గుండె విన్నది, పడుకోబెట్టి కుడి డొక్క కింద నొక్కింది. "ఇది వచ్చినప్పుడే కడుపు గూడ కదుల్తదా?" అని అడిగింది. అన్నేళ్ళలో ఆ రెండింటినీ కలిపి అడిగిన మొదటి మనిషి ఆమె.

ఆమె చెప్పింది మాకు కొత్త. పేగుల్లో, ఇంకా కొన్ని చోట్ల, చాలా మెల్లగా పెరిగే ఒక జాతి గడ్డలుంటాయట. చిన్నగా ఉంటూనే నెత్తురులోకి ఒక రసాయనాన్ని వదులుతాయట. ఆ వేడి, ఆ విరేచనాలు దాని పనేనట. ఒక పగలూ రాత్రీ పట్టిన మూత్రం డబ్బాలో హైదరాబాదు పంపించి పరీక్ష చేయించింది. అరటిపండు, టమాట, వంకాయ ముట్టొద్దంది, అవి తింటే లెక్క తప్పుతుందని. ఫలితం వచ్చింది. ఆ రసాయనం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది.

"రోగం ఉన్నదని తెలిసింది," అంది డాక్టరమ్మ. "గడ్డ ఏడ ఉన్నదో పట్టాలె. హైదరాబాద్ పోండ్రి. నేను కాన్పుకు అవ్వగారింటికి పోతున్న. మళ్ళొచ్చినంక కలుద్దాం."

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి పోయాం. మొదట మామూలు సీటీ స్కాను తీశారు. ఏదీ స్పష్టంగా లేదన్నారు. తర్వాత ఒంట్లోంచి కిరణాలు వదిలే రేడియో మందు ఇచ్చి తీసే స్కాను అన్నారు. గొంతులోని గ్రంథికి ఆ మందు పట్టకుండా ముందు నుంచే అయోడిన్ చుక్కలు తాగించారు. నోరంతా తుప్పు రుచి. సూది వేసి పంపి, మర్నాడు, ఆ మర్నాడు మళ్ళీ రమ్మని బల్ల మీద పడుకోబెట్టి బొమ్మలు తీశారు. అక్కడి పెద్ద డాక్టరు మేము గదిలోకి పోయేసరికి బొమ్మను వెలుతురు పెట్టెకు తగిలించి ఉన్నాడు.

"ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది. వెళ్ళిపోవచ్చు."

మా ఆయన రెండు చేతులూ జోడించాడు. నాకు సంతోషం రాలేదు.

"సార్, మరి మూత్రం పరీక్షల ఎక్కువొచ్చింది గదా?"

"ఏదో తిని ఉంటారు."

"ఏం తినలేదు సార్. చెప్పినట్టే చేసిన. ఈ స్కానుకు దొరకని గడ్డలు గూడ ఉంటయా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వేం చేస్తావమ్మా?"

"టీచర్ను సార్."

"అదీ సంగతి. పిల్లలకు చెప్పుకో, నాకు కాదు. మెషీన్ అబద్ధం చెప్పదు. నీకేదో దిగులుంది. మనసు డాక్టర్ని చూడు."

నేను అడిగింది అవునో కాదో చెప్పగల ప్రశ్న. నా క్లాసులో చివరి బెంచీ పిల్ల అలాంటి ప్రశ్న అడిగితే నేను నా బల్ల వదిలి వెళ్ళి జవాబు చెప్పేదాన్ని. ఆయనకు జవాబు తెలియక కాదని తర్వాత నాకు అర్థమైంది. తెలిసీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిలా నేను ఆయనకు కనిపించలేదు.

ఇంటికొచ్చాక ఆ బొమ్మ నాకు ఎంత కీడు చేసిందో చెప్పలేను. అంతకుముందు నా మాట నమ్మేవాళ్ళు కొందరైనా ఉండేవాళ్ళు. ఇప్పుడు అందరి దగ్గరా ఒకే మాట. "మిషనే లేదన్నది." మా పెద్దబావ అందరి ముందూ, "ఇగ చాలు తియ్. లేని రోగానికి దవాఖాన్ల పొంట తిరుగుడు," అన్నాడు. అత్త రెండు తాయెత్తులు కట్టించింది. మనసు డాక్టరు ఇచ్చిన గోలీలు వేసుకుంటే చాక్‌పీసు చేతిలో ఉండగానే కునుకు పట్టేది. ఒక రోజు బోర్డుకు తల ఆనించి నిలబడే నిద్రపోయాను. ఆడపిల్లలు మెల్లగా పిలిచి లేపారు. ఆ సంగతీ హెడ్‌మాస్టర్‌కు చేరింది. "సూసిండ్రా? నేను ముందే చెప్పలే?" అన్నాడట. నన్ను సెలవు పెట్టమన్నారు. పెట్టాను. ఇంట్లో పడుకుంటే వేడి వచ్చేది, పోయేది. నా ఒళ్ళు నాకు చెబుతున్నదాన్ని ఒక నల్లటి ఫిల్ము కాదంటోంది. నాకే అనుమానం వచ్చిన రోజులున్నాయి. నిజంగా నాకేం లేదేమో, నేనే కల్పించుకుంటున్నానేమో అని. మనిషిని అలా తనమీద తనకే నమ్మకం లేకుండా చేసిన పాపానికి ఏ చట్టంలోనూ శిక్ష లేదు.

డాక్టరమ్మ చంటిపిల్లతో తిరిగొచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టలేదు, అంత సన్నబడ్డాను. ఫిల్ము చూసింది. జరిగింది విన్నది. ఆమె మొహం మారింది.

"లేదని ఎవరన్నరు? ఈ స్కానుల కనపడలేదు, గంతే. దీనికి దొరకనివి చాన ఉంటయ్. గా మాట మీకు చెప్పలేదా?"

"నేనే అడిగిన డాక్టరమ్మా. పిల్లలకు చెప్పుకొమ్మన్నడు."

ఆమె ఫిల్ము కవర్లో పెట్టింది. తర్వాత బొంబాయిలో తనకు చదువు చెప్పిన ఒక పెద్ద డాక్టరమ్మకు ఫోను చేసింది. ఇంకో తీరు స్కాను అక్కడ కొత్తగా వచ్చిందంది. మందు విదేశం నుంచి రావాలి, వచ్చిన రోజే వేయాలి, కనుక కబురు రాగానే బయల్దేరాలంది. మా పెద్దబావ మళ్ళీ అడ్డం పడ్డాడు. అప్పుడు మా ఆయన, జీవితంలో అన్నకు ఎదురు చెప్పని మనిషి, "నువ్వు రాకు తియ్యే. మేం పోతం," అన్నాడు.

బొంబాయిలో మా ఊరి నేతపనివాళ్ళ ఒంటిగది ఖోలీలో దిగాం. స్కాను రోజున ఒక నర్సు చిన్న సీసా పట్టుకొచ్చింది. కడుపు శుభ్రం కావాలట, విరేచనాల మందు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఊరి మరాఠీ నోటికొచ్చేసింది. "మలా జులాబ్ కశాలా, బాయీ?" నాకు విరేచనాల మందు ఎందుకమ్మా అని. ఆ మందు లేకుండానే నా బతుకంతా అదేనని చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వి, లోపలికి పోయి అడిగి వచ్చి, సీసా తీసేసింది. అన్ని నెలల తర్వాత ఒక ఆసుపత్రిలో నేను చెప్పిన మాట ఒకరు విన్నారు.

సూది వేశారు. మధ్యాహ్నం ఒకసారి, మర్నాడు మళ్ళీ ఒకసారి బొమ్మలు తీశారు. యంత్రం పలక నా ఛాతీకి ఆనేంత దగ్గరగా దిగింది. కదలకుండా పడుకున్నాను.

పెద్ద డాక్టరమ్మ నెరిసిన జుట్టు మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి, మేము తెచ్చిన హైదరాబాదు ఫిల్మునూ తన ఫిల్మునూ పక్కపక్కన తగిలించింది. నాకూ మా ఆయనకూ అర్థమయ్యేటట్టు మరాఠీ, హిందీ కలిపి చెప్పింది. హైదరాబాదు బొమ్మ అలుక్కుపోయినట్టుంది. పొట్టలో ప్రత్యేకంగా ఏమీ లేదు. ఈమె బొమ్మలో కుడివైపు కింద, చిన్నపేగు చివర, చుక్క పెట్టినట్టు ఒక నల్లటి మచ్చ. కాలేయంలో ఇంకో రెండు.

"అయితే మొదటిది తప్పు తీశారా?" అని అడిగాను.

"తప్పు తీయలేదు," అందామె. "ఈ జాతి గడ్డలు అన్నీ ఒక తీరువి కావు. కొన్ని గడ్డలకు నరాలు వాడుకునే ఒక రసాయనాన్ని మింగి దాచుకునే గుణం ఉంటుంది. హైదరాబాదులో వేసిన మందు అచ్చం ఆ రసాయనంలా ఉంటుంది. మింగే గడ్డ దాన్ని మింగుతుంది, బొమ్మలో కనిపిస్తుంది. మింగని గడ్డ కనిపించదు. మేం వేసిన మందు లోపలికి మింగించుకోవాల్సిన పని లేదు. గడ్డ కణాల పైన ఒక హార్మోనును పట్టుకునే చోట్లుంటాయి. అక్కడ పోయి అతుక్కుంటుంది. పేగులో పుట్టే మీలాంటి గడ్డల మీద ఆ చోట్లు ఎక్కువ. అందుకే మీకు ఇది పట్టింది. అదీకాక ఆ మందులో కలిపిన అయోడిన్ వదిలే కిరణాలు మొరటువి, బొమ్మ మసకగా వస్తుంది. చిన్న మచ్చ అందులో మునిగిపోతుంది."

"అంటే ఇదే మంచిదన్నమాట."

"మీకు మంచిది. ఇది కూడా కొందరిలో ఏమీ చూపించదు. మూత్రపిండాలు, ప్లీహం ఇందులో ఎలాగూ నల్లగానే వస్తాయి, వాటి పక్కన ఏదున్నా పోల్చుకోవడం కష్టం. ఏ స్కానుకైనా, కనిపిస్తే ఉందని చెప్పొచ్చు. కనిపించకపోతే లేదని చెప్పడానికి వీల్లేదు." తర్వాత అడిగింది. "ఆ స్కాను నాటికి మీరేమైనా మందులు వాడుతున్నారా? నరాలకు, దిగులుకు, నిద్రకు?"

కరీంనగర్ డాక్టరు రాసిన నరాల గోలీ పేరు చెప్పాను. ఆమె తలూపింది. "ఆ జాతి గోలీలు కొన్ని ఆ రేడియో మందును గడ్డలోకి పోనివ్వవు. ముందే ఆపించాలి. అడగలేదా?"

"ఎవరూ అడగలేదు."

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. మా ఆయన నీళ్ళు తెచ్చాడు.

"దొరికింది గదా. ఎందుకేడుస్తున్నవ్?"

"ఏడుస్తలేను. కోపమస్తుంది."

ఆమె నాకు చెప్పింది ఎంతసేపు? ఒక చాయ్ చల్లారేంత సేపు. ఈ స్కానుకు దొరకనివీ ఉంటాయి అనే మాట హైదరాబాదులో ఆ వెలుతురు పెట్టె ముందు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఏ గోలీలు వేసుకుంటున్నావు అని అడగడానికి ఎంతసేపు? అక్కడ కొత్త యంత్రం లేకపోవడం ఆయన తప్పు కాదు. మందు విదేశం నుంచి రావాలి, అన్ని ఊళ్ళకూ రాదు, అది నాకు అర్థమవుతుంది. మాట చెప్పే నాలుక విదేశం నుంచి రానక్కర్లేదు కదా.

అక్కడే ఆపరేషన్ చేశారు. పేగు ముక్క, కాలేయంలో ఒక గడ్డ తీశారు. రెండోది తీయడానికి అనువుగా లేదని ఉంచేసి, దాని ఆగడం తగ్గించే సూదిమందులు రాశారు. నెలలు గడిచేకొద్దీ వేడి రావడం తగ్గింది. కడుపు నిలబడింది. కరీంనగర్ డాక్టరమ్మ చేతుల మీదుగానే ఆ సూదులు వేయించుకుంటూ మళ్ళీ బడికి పోయాను.

హెడ్‌మాస్టర్ లేచి కుర్చీ చూపించాడు. "పాపం మేడం, గింత పెద్ద రోగమా! గప్పుడు మాకేం తెలుసు?"

"తెల్వకపోతే రోగమేమో అనుకోవచ్చు గదా సార్. తాగుడే ఎందుకు అనుకున్నరు?"

"అయిపోయింది గదా. ఇగ మర్సిపోండ్రి."

"అందరి ముంగట అన్నరు. అందరి ముంగటనే కాదని చెప్పుండ్రి."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. చెప్పలేదు. ఆ నెల తల్లిదండ్రుల మీటింగులో నేనే లేచాను. మూడేళ్ళు నన్ను ఏమన్నారో, నాకు వచ్చింది ఏమిటో, ఎక్కడ కోసి తీశారో చెప్పాను. నవ్విన మాస్టర్లు నేల చూశారు. ఒక తల్లి, ఎవరో తెలియదు, లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది.

హైదరాబాదు పెద్ద డాక్టరు దగ్గరికీ పోయాను. పోవద్దని మా ఆయన అన్నాడు, అయినా వెంట వచ్చాడు. రెండు ఫిల్ములూ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని తగిలించి చాలాసేపు చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అద్భుతం! ఎంత చక్కటి కేసు! ఇవి నాకిచ్చి వెళ్ళండి. విద్యార్థులకు పక్కపక్కన చూపిస్తాను."

"ఇస్త సార్. చూపించే రోజు నన్ను గూడ పిలువుండ్రి. ఈ మొదటి బొమ్మ చూసి నాకేం చెప్పిండ్రో గది గూడ వాళ్ళకు చెప్పాలె."

ఆయన నవ్వాడు. "పేషెంట్లు క్లాసుల్లో కూర్చోరమ్మా."

నేను ఫిల్ములు చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఆయన నన్ను క్షమించమని అడుగుతాడని నేను పోలేదు. కనీసం గుర్తుపడతాడనుకున్నాను. మొహం గుర్తులేదు ఆయనకు. బొమ్మ గుర్తుంది.

ఆ తర్వాత రెండేళ్ళకేమో, కరీంనగర్ డాక్టరమ్మ నా దగ్గరికి ఒకామెను పంపింది. గోదావరి ఒడ్డు బొగ్గుగనుల కాలనీలో ఉండే కార్మికుడి భార్య. ఉండుండి తల పగిలేటట్టు నొప్పి, గుండె దడ, ఒళ్ళంతా చెమట. బీపీ ఆకాశానికి పోయి మళ్ళీ దిగుతుందట. క్వార్టర్ల లైనులో అందరూ ఆమెకు గాలి సోకిందన్నారు. భర్త గనిలోకి దిగినప్పుడు భయపడి అలా అవుతుందని ఇంకొందరన్నారు. మూత్రం పరీక్షలో ఆమెకూ ఏదో ఎక్కువ వచ్చింది. హైదరాబాదులో స్కాను తీయించుకోమన్నారు. నేను తీయించుకున్నదే.

"వద్దు," అన్నాను ఆమెతో. "అది దండుగ. సీదా బొంబాయి పోండ్రి."

ఆమె భయపడి ఆ మాట డాక్టరమ్మకు చెప్పింది. డాక్టరమ్మ నన్ను పిలిపించింది. "టీచర్, కోపం మీది, రోగం ఆమెది," అంది. "ఆమెకు అనుమానమున్నది మూత్రపిండం మీది గ్రంథిల. గసొంటి గడ్డలు ఆ హైదరాబాద్ మందును బాగ మింగుతయ్. బొంబాయి స్కానుల మూత్రపిండం నలుపుల అది కనపడకపోవచ్చు. మీకు ఇది, ఆమెకు అది."

అప్పుడు నాకు చేతనైన పని ఒకటి చేశాను. ఆమె వేసుకునే గోలీలన్నీ, జలుబు గోలీతో సహా, సంచిలో వేసి తెమ్మన్నాను. ఆమెతో పాటు హైదరాబాదు పోయి, సూది వేసే ముందే సంచి విప్పి ఆ గోలీలన్నీ బల్ల మీద పెట్టి, "వీట్లల్ల ఏవన్న ఆపాల్నా?" అని అడిగాను. అక్కడి కుర్ర డాక్టరు ఒక్కొక్కటి చూసి, రెండు పక్కన పెట్టి, ఇవి మాని వేరేవి వాడి కొన్నాళ్ళకు రండి అన్నాడు. మళ్ళీ పోయాం.

ఈసారి దొరికింది. ఎడమ మూత్రపిండం పైన, గుండ్రంగా, నల్లగా. ఆమె భర్త వరండాలోనే నేల మీద కూలబడి, "గాలి గాదు, గాలి గాదు," అని రెండుసార్లు అన్నాడు. ఆమె నా భుజం మీద తల పెట్టుకుంది.

పెద్ద డాక్టరు తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఈసారి నన్ను గుర్తుపట్టాడు.

"చూశారా టీచరమ్మా? మా మెషీన్ మంచిదే!"

"మిషన్‌ను నేనెన్నడు తిట్టలే సార్," అన్నాను.

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. మేము మెట్లు దిగాం. ఆపరేషన్‌కు ముందు రోజులకొద్దీ బీపీ మందు సర్దాలని, గాభరా పడొద్దని ఆ కుర్ర డాక్టరు వెనకాలే వచ్చి భార్యాభర్తలకు మళ్ళీ ఒకసారి నిదానంగా చెప్పాడు. ఆమె అడిగినవాటన్నిటికీ నిలబడి జవాబు చెప్పాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.